ర్యాంకులు పక్కన పెట్టండి, కుర్రాణ్ణి క్లబ్ ఎటు కదుపుతోందో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారారు, అబ్బాయి స్కూల్ స్నేహితుల వల్ల ఇంట్లో బేస్‌బాల్ మొదలైంది, మేజర్ లీగ్ (పై స్థాయి బేస్‌బాల్) క్లబ్ టెక్సస్ రేంజర్స్ మ్యాచ్‌లు చూస్తున్నారు. ఊళ్ళోనే రేంజర్స్ కింది జట్టు రఫ్‌రైడర్స్ స్టేడియం ఉంది కాబట్టి కుర్రాళ్ళను మైనర్ లీగ్ (పైకి వెళ్ళేముందు ఆడే కింది లీగులు) నుంచే ఫాలో అవ్వాలనుంది. కానీ పైకొచ్చే కుర్రాళ్ళంటూ ఒక్కో సైట్‌లో ఒక్కో లిస్టు, పోయినేడు టాప్‌లో ఉన్న పేరు ఈ ఏడు కనబడదు. ఎవరిని నమ్మాలి, ఏ నంబర్ చూడాలి, మావాడికి రేంజర్స్ పిచర్ (బంతి వేసేవాడు) కుమార్ రాకర్ అంటే పిచ్చి, అలాంటివాడు ఇంకొకడు వస్తున్నాడని ముందే ఎలా తెలుస్తుంది అని అడిగారు.

నేను ఈ చుట్టుపక్కలే చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, రేంజర్స్ కుర్రాళ్ళ పేర్లు ఒక షీట్‌లో రాసుకుని వెంటబడటం నాకున్న వ్యసనం, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

సూటిగా జవాబు: ఒక్క టీమ్‌నే పట్టుకోండి, లిస్టులను అప్పుడప్పుడూ మాత్రమే చూడండి, మిగతా సమయమంతా క్లబ్ ఆ కుర్రాణ్ణి ఏం చేస్తోందో గమనించండి. ఏ లెవెల్‌కి పంపింది, ఎంత తొందరగా పంపింది, ఏ పొజిషన్‌లో ఆడిస్తోంది, నవంబర్‌లో కాపాడుకుందా వదిలేసిందా, జూలైలో ఎవరికోసం ఇచ్చేసింది (ఈ రెండు నెలల సంగతీ కింద చెప్తాను). లిస్టు రాసేవాడి అంచనా తప్పితే వచ్చే ఏడాది ఇంకో లిస్టు రాసుకుంటాడు. క్లబ్‌కి తప్పితే లక్షల డాలర్లు పోతాయి. క్లబ్ తీసుకునే ప్రతి నిర్ణయం వెనకా మనకు కనబడని కొలతలు, వీడియోలు, మెడికల్ రిపోర్టులు ఉంటాయి, వాటిని మనం చూడలేం కానీ ఆ నిర్ణయాన్ని మాత్రం ట్రాన్సాక్షన్స్ పేజీలో (ఎవర్ని ఎటు పంపారో, ఎవర్ని ఇచ్చేశారో రాసే వెబ్ పేజీ) ఉచితంగా చదువుకోవచ్చు.

మనం క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి ముందు ఒక తేడా అర్థం చేసుకోవాలి. రంజీలో హైదరాబాద్ జట్టు గెలవడానికే ఆడుతుంది, సెలెక్టర్లు బయట కూర్చుని చూసి ఎంచుకుంటారు. ఇక్కడ అలా కాదు. రఫ్‌రైడర్స్ జెర్సీ వేసుకున్న ప్రతి ఆటగాడికీ జీతం ఇచ్చేది రేంజర్స్, ఎవరు ఎన్ని బంతులు వెయ్యాలో, ఎవరు ఏ రోజు ఆడాలో చెప్పేది కూడా రేంజర్స్. స్థానిక జట్టు చేతిలో ఉండేది టికెట్లు, హాట్‌డాగ్‌లు, బాణాసంచా. అందుకే నాలుగు ఇన్నింగ్స్ (ఇక్కడ ఇన్నింగ్స్ అంటే జట్టుకి మూడు అవుట్ల వంతు) బ్రహ్మాండంగా వేసిన పిచర్‌ని ఆధిక్యంలో ఉండగానే తీసేస్తే స్టేడియంలో కొత్తవాళ్ళు విసుక్కుంటారు. అతని బంతుల కోటా అయిపోయింది, అంతే. మ్యాచ్ గెలవడం రెండో విషయం.

మెట్లు ఇలా ఉంటాయి. 2021లో మేజర్ లీగ్ మొత్తం వ్యవస్థను తన చేతిలోకి తీసుకుని జట్లను 120కి కుదించింది, అంటే 30 క్లబ్బులకు తలా నాలుగు. రేంజర్స్‌కి 2025 నుంచి వరస, కిందినుంచి పైకి: సింగిల్-ఎ నార్త్ కరొలైనాలోని హికొరీలో, హై-ఎ సౌత్ కరొలైనాలోని స్పార్టన్‌బర్గ్‌లో (జట్టు పేరు హబ్ సిటీ స్పార్టన్‌బర్గర్స్, నిజంగానే), డబుల్-ఎ మన ఫ్రిస్కోలో, ట్రిపుల్-ఎ ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో. వీటికి కింద అరిజోనాలోని సర్‌ప్రైజ్‌లో కొత్తవాళ్ళు ఆడే కాంప్లెక్స్ లీగ్, అంతకన్నా కింద డొమినికన్ సమ్మర్ లీగ్. డొమినికన్‌లో ఉన్నవాళ్ళు కాక ఒక్కో క్లబ్ దగ్గర 165 మంది దాకా ఉండొచ్చు. పైన ఆర్లింగ్టన్‌లో ఉండేది 26 చోట్లు. ఈ రెండు అంకెలు మనసులో పెట్టుకుంటే లిస్టుల్లో పేర్లు ఎందుకు మాయమవుతాయో సగం అర్థమైనట్టే.

ఈ మెట్లలో అసలైనది డబుల్-ఎ అని చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను. కింది లెవెల్స్‌లో గంటకు 97 మైళ్ళ ఫాస్ట్‌బాల్ ఒక్కటీ ఉంటే చాలు, గుడ్డిగా వేసినా బ్యాటర్లు ఊపేస్తారు. డబుల్-ఎ బ్యాటర్ ఊపడు, వదిలేస్తాడు. అలాగే బ్రేకింగ్ బాల్ (వంపు తిరిగే బంతి) కొట్టలేని బ్యాటర్ కింద దాక్కోవచ్చు, ఇక్కడికి వచ్చాక వారంలో అవతలి జట్లకు తెలిసిపోతుంది. అంటే మీరు ఇల్లు కొనుక్కున్నది సరిగ్గా వడపోత జరిగే చోట, ఇంతకన్నా అదృష్టం ఏముంది.

ఇప్పుడు ఏం చూడాలి అన్న దానికి వస్తాను.

మొదటిది వయసు. బ్యాటింగ్ యావరేజ్ (వందకు ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్న లెక్క, .300 అంటే వందకు ముప్పై) తర్వాత. ఫ్రిస్కో ఆడే టెక్సస్ లీగ్‌లో ఆటగాళ్ళ సగటు వయసు 24 దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ 25 ఏళ్ళవాడు .300 కొడితే సంతోషం, అంతే. 19 ఏళ్ళవాడు .250 కొడితే మాత్రం నేను ఫోన్ పక్కన పెట్టి చూస్తాను. సెబాస్టియన్ వాల్కాట్ సంగతి ఇదే. బహామాస్ కుర్రాడు, 2006లో పుట్టాడు, 2023 జనవరిలో 32 లక్షల డాలర్లకు సంతకం చేశాడు. 2025 సీజన్ ఫ్రిస్కోలో ఆడాడు, 19 ఏళ్ళకి. అంకెలు మాత్రమే చూసినవాళ్ళు ‘ఇంతేనా’ అన్నారు. కాలేజీలో మూడేళ్ళు ఆడి డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్తవాళ్ళను ఎంచుకునే పద్ధతి) వచ్చి కింద ఒకటి రెండేళ్ళు నలిగినవాళ్ళు వేస్తున్న బంతులను, కాలేజీలో మొదటి ఏడాది చదవాల్సిన వయసువాడు ఆడుతున్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, క్లబ్ అతన్ని కిందికి దించలేదు. తడబడ్డ వారాల్లో కూడా వేచి చూసింది. ఆ ఓపికే నాకు ఏ ర్యాంకు కన్నా ఎక్కువ చెప్పింది.

రెండోది స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో అవుటవడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే బేస్‌కి వెళ్ళడం). యావరేజ్‌లో అదృష్టం కలుస్తుంది, మైదానం కలుస్తుంది. అమరిల్లోలో స్టేడియం సముద్రమట్టానికి దాదాపు 3,600 అడుగుల ఎత్తున ఉంది, అక్కడ మామూలు ఫ్లై బాల్ కూడా గోడ దాటుతుంది. ట్రిపుల్-ఎ పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో అల్బకర్కీ, రీనో లాంటివి ఇంకా ఘోరం, అక్కడ పిచర్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి తన ఖాతాలో పడే పరుగుల సగటు, తక్కువుంటే మంచిది) ఐదు ఉన్నా నేను కంగారుపడను. స్ట్రైకవుట్ మాత్రం ఏ ఊళ్ళో అయినా స్ట్రైకవుటే. బ్యాటర్ అయితే ఎన్నిసార్లు ఖాళీగా వెనక్కి పోతున్నాడు, ఎన్నిసార్లు వాక్ తీసుకుంటున్నాడు. పిచర్ అయితే దీనికి తిరగేసి. మొదటి రెండు మూడు వారాల అంకెలను నేను షీట్‌లోకి ఎక్కించను కూడా, రెండు నెలలు దాటాకే చూస్తాను.

దీనికి ఒకప్పటి రేంజర్స్ బ్యాటర్ జోయీ గాలో కన్నా మంచి ఉదాహరణ లేదు. 2013లో 19 ఏళ్ళకి మైనర్ లీగుల్లో 40 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, చాలావరకు హికొరీలోనే. మరుసటి ఏడాది ఫ్రిస్కోలో అతను కొడితే బంతి ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సి వచ్చేది. అదే సమయంలో స్ట్రైకవుట్లు కూడా అంతే స్థాయిలో ఉండేవి. మేజర్స్‌కి వచ్చాక ఏం జరిగింది? 2017లో 41, 2018లో 40 హోమ్ రన్లు, యావరేజ్ .209, .206, ఆ రెండేళ్ళలో స్ట్రైకవుట్లు 400 దాటాయి. బలం నిజం, బలహీనత కూడా నిజం, రెండూ మైనర్స్‌లోనే కళ్ళ ముందు ఉన్నాయి. గాలో చెడ్డ ఆటగాడని నేననను, ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు రెండు గెలిచాడు, కానీ పైకి వెళ్తే ఆ స్ట్రైకవుట్లు వాటంతటవే తగ్గిపోతాయని అనుకున్నవాళ్ళకు మాత్రం నిరాశే మిగిలింది.

మూడోది వేగం. అంటే పరుగు కాదు, మెట్లెక్కే వేగం. వయట్ లాంగ్‌ఫర్డ్‌ని 2023 డ్రాఫ్ట్‌లో నాలుగో పిక్‌గా (ఎంపికగా) తీసుకున్నారు. ఆ ఏడాదే కాంప్లెక్స్ లీగ్, హికొరీ, ఫ్రిస్కో, రౌండ్ రాక్, నాలుగు చోట్లా ఆడేశాడు, మొత్తం 44 మ్యాచ్‌లలో. 2024 మొదటి రోజున మేజర్ లీగ్ జట్టులో ఉన్నాడు. ఫ్రిస్కోలో అతన్ని చూడాలనుకున్నవాళ్ళు ఒక వారం బద్ధకిస్తే చాలు, మిస్సయ్యారు. క్లబ్ ఇంత తొందరపడిందంటే లోపలి అంచనా ఏ స్థాయిలో ఉందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

దీనికి ఎదురుగా జాక్ లైటర్. 2021లో రెండో పిక్, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ, తండ్రి ఆల్ లైటర్ కూడా పేరున్న మేజర్ లీగ్ పిచర్, సంతకానికి దాదాపు 80 లక్షల డాలర్లు. 2022లో కింది లెవెల్స్ అన్నీ దాటించి నేరుగా ఫ్రిస్కోలో దించారు. ఈఆర్‌ఏ 5.54. నేను చూసిన రోజుల్లో ఒక ఇన్నింగ్స్‌లో ముగ్గురినీ నిలబెట్టి అవుట్ చేసేవాడు, తర్వాత ఇన్నింగ్స్‌లో స్ట్రైక్ జోన్ (బంతి పడాల్సిన చోటు) ఎక్కడుందో మర్చిపోయేవాడు. లిస్టుల్లో పడిపోతూ వచ్చాడు. ఇక్కడ గమనించాల్సింది 2023 వేసవి. క్లబ్ అతన్ని మ్యాచ్‌ల నుంచి తప్పించి కొన్ని వారాలు డెవలప్‌మెంట్ లిస్ట్‌లో పెట్టింది, గాయం కాదు, బౌలింగ్ యాక్షన్ అంటామే ఆ డెలివరీ మీద పని చేయించడానికి. చాలామంది దాన్ని ‘పని అయిపోయింది’ అని చదివారు. వదిలేసుకునేవాడి మీద ఎవరూ అంత శ్రద్ధ పెట్టరు. 2024 ఏప్రిల్‌లో డిట్రాయిట్‌లో మొదటి మేజర్ లీగ్ మ్యాచ్, చితక్కొట్టారు, ఆ ఏడాది ఈఆర్‌ఏ 8.83. 2025లో రేంజర్స్ రొటేషన్‌లో (వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లలో) ఏడాదంతా వేసి 3.86తో ముగించాడు. 2022లో ఫ్రిస్కోలో టికెట్ కొన్నవాళ్ళు మూడేళ్ళు ఆగాల్సి వచ్చింది. పిచర్లు ఇలాగే వస్తారు, బ్యాటర్లకన్నా ఆలస్యంగా, వంకర దారుల్లో.

లిస్టుల గురించి అడిగారు కదా. ఎంఎల్‌బీ పైప్‌లైన్, బేస్‌బాల్ అమెరికా, ఫ్యాన్‌గ్రాఫ్స్ మూడు సైట్లూ మంచివే, మూడిట్లోనూ పనిచేసేవాళ్ళు నిజంగా ఊరూరా తిరిగి మ్యాచ్‌లు చూసేవాళ్ళు. నేను ర్యాంకు నంబర్ చదవను, కింద రాసిన పేరా చదువుతాను. ఆ పేరాలో 20 నుంచి 80 దాకా మార్కులుంటాయి, 50 అంటే మేజర్ లీగ్ సగటు. ‘హిట్ 40, పవర్ 60’ అని ఉంటే వాడు బలంగా కొడతాడు కానీ బంతి తగలడమే కష్టం అని అర్థం. రెండు సైట్లలో పవర్ గురించి ఒకే మాట ఉండి హిట్ గురించి తేడా ఉంటే, సరిగ్గా ఆ విషయమే మీరు స్టేడియంలో కూర్చుని చూడాలి.

లిస్టులు ఎంత వదిలేయగలవో ఎవన్ కార్టర్ చూపించాడు. 2020లో కోవిడ్ వల్ల డ్రాఫ్ట్ ఐదు రౌండ్లే జరిగింది. రేంజర్స్ రెండో రౌండ్‌లో, 50వ పిక్‌గా, టెనెసీలోని ఎలిజబెత్‌టన్ అనే చిన్న ఊరి హైస్కూల్ కుర్రాడి పేరు చదివారు. బేస్‌బాల్ అమెరికా టాప్ 500 లిస్టులో ఆ పేరు లేదు. టీవీలో మాట్లాడేవాళ్ళ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆ రోజు ఇంటర్నెట్‌లో రేంజర్స్‌ని ఎగతాళి చెయ్యనివాడు లేడు. హికొరీకి వచ్చేసరికి కనబడిన సంగతి ఏమిటంటే, చెడ్డ బంతికి బ్యాట్ ఊపడు. అంతే, మొదట అదొక్కటే. 2023 సెప్టెంబర్‌లో రేంజర్స్ జట్టులోని అడోలిస్ గార్సియా గాయపడితే 21 ఏళ్ళ కార్టర్‌ని పైకి పిలిచారు. ఆ అక్టోబర్‌లో తొమ్మిది డబుల్స్ (ఒకే దెబ్బకి రెండో బేస్ చేరడం) కొట్టాడు, ఒక పోస్ట్‌సీజన్‌లో (నాకౌట్ దశలో) అది రికార్డు, రేంజర్స్ మొదటిసారి వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచారు. అక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. 2024లో నడుం గాయం, 2025 ఆరంభంలో మళ్ళీ రౌండ్ రాక్‌కి పంపారు. ఎక్కినవాడు దిగడని ఎక్కడా రాసిలేదు, దిగినవాడు మళ్ళీ ఎక్కడని కూడా.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు, ఈ ఆటలో అది సగం మాటే. జురిక్సన్ ప్రోఫార్ 2012లో 19 ఏళ్ళకి ఫ్రిస్కోలో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్), అక్కణ్ణుంచి నేరుగా మేజర్స్‌కి పిలిస్తే క్లీవ్‌లాండ్‌లో మొదటి బ్యాటింగ్‌లోనే హోమ్ రన్. 2013 మొదట్లో మొత్తం బేస్‌బాల్‌లో నంబర్ వన్ ప్రాస్పెక్ట్ (పైకొస్తాడని ఆశపెట్టుకున్న కుర్రాడు). తర్వాత భుజం పోయింది, రెండు సీజన్లు మేజర్స్‌లో ఆడనేలేదు, క్లబ్బులు మారాడు. ఆల్-స్టార్ (ఆ ఏడాది మేటి ఆటగాళ్ళ మ్యాచ్‌కి ఎంపిక) అయ్యింది 2024లో, 31 ఏళ్ళకి, శాన్ డియేగో జెర్సీలో. వాల్కాట్‌ని చూసి పొంగిపోయేవాళ్ళందరికీ నేను ఈ సంగతి గుర్తు చేస్తుంటాను, వాళ్ళకి నచ్చదు.

ఇక క్లబ్ లెక్కలు. ఇది కాస్త బోర్ కొట్టినా చదవండి, ఎందుకంటే మీకు ఇష్టమైనవాడు అకస్మాత్తుగా మాయమయ్యేది ఎక్కువగా ఇందువల్లే.

18 ఏళ్ళు లేదా అంతకన్నా చిన్న వయసులో సంతకం చేసినవాణ్ణి ఐదు సీజన్లలోగా, 19 లేదా ఆపై వయసులో చేసినవాణ్ణి నాలుగు సీజన్లలోగా 40 మంది రోస్టర్‌లో (క్లబ్ అధికారిక జాబితా, పైన చెప్పిన 26 మంది ఇందులోంచే) చేర్చాలి. చేర్చకపోతే డిసెంబర్‌లో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే క్లబ్ లక్ష డాలర్లు కట్టి ఎత్తుకుపోవచ్చు, కాకపోతే వచ్చే సీజనంతా తమ 26 మందిలో ఉంచుకోవాలి. అందుకే నవంబర్ మధ్యలో వచ్చే ‘ప్రొటెక్ట్’ చేసిన (40లో చేర్చి కాపాడుకున్న) పేర్ల జాబితా నాకు ఏ టాప్ 30 కన్నా ముఖ్యం. క్లబ్‌కి చోట్లు తక్కువ, పేర్లు ఎక్కువ, తప్పనిసరిగా ఎంచుకోవాల్సిన రోజు అది. పేపర్లో మెచ్చుకుంటూ ఉండి ఆ రోజు చేర్చలేదంటే ఏదో ఉంది. 40లో చేరాక మూడేళ్ళు ఆప్షన్లు ఉంటాయి, అంటే పైకీ కిందికీ స్వేచ్ఛగా తిప్పొచ్చు. ఆప్షన్లు అయిపోయినవాడు కాస్త బాగా ఆడకపోయినా జట్టులో ఉంటాడు, అతనికన్నా బాగా ఆడుతున్న కుర్రాడు రౌండ్ రాక్‌లో కూర్చుంటాడు. ఆ కుర్రాడి తప్పేం లేదు.

రెండోది జూలై నెలాఖరు, క్లబ్బులు ఆటగాళ్ళను మార్చుకునే (ట్రేడ్) గడువు. కుర్రాళ్ళు క్లబ్‌కి రేపటి ఆటగాళ్ళే కాదు, ఇవాళ్టి మారకపు సొమ్ము కూడా. 2023లో ఫ్రిస్కోలో ఆడుతున్న లూయిసాన్హెల్ అకూన్యాని (రోనాల్డ్ అకూన్యా తమ్ముడు) న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి పేరున్న పిచర్ మ్యాక్స్ షెర్జర్‌ని తెచ్చుకున్నారు. అదే ఏడాది జూన్ చివర్లో పిచర్ ఆరోల్డిస్ చాప్‌మన్ కోసం ఇంకో పిచర్ కోల్ రేగన్స్‌ని కాన్సస్ సిటీకి ఇచ్చారు. రేగన్స్ 2016లో మొదటి రౌండ్ పిక్, మోచేతికి రెండుసార్లు టామీ జాన్ సర్జరీ (తెగిన లిగమెంట్ మార్చే ఆపరేషన్), 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగ్ సీజనే జరగలేదు, అలా మూడేళ్ళు బంతి పట్టని మనిషి. అలాంటివాణ్ణి నేను షీట్‌లోంచి తీసెయ్యలేదు, ఎందుకంటే క్లబ్ తీసెయ్యలేదు. వెళ్ళిన మరుసటి ఏడాది, 2024లో, కాన్సస్ సిటీ తరఫున ఆల్-స్టార్. ఇది చెడ్డ ట్రేడా? వరల్డ్ సిరీస్ వచ్చింది కాబట్టి నేను తిట్టను, కానీ రేగన్స్ వేసే రోజున ఇప్పటికీ టీవీ అటు తిప్పుతాను. మీరు కూడా అంతే, కుర్రాళ్ళ వెంట పడ్డాక ఒక జట్టు అభిమానిగా మిగలడం కష్టం.

గాయాల గురించి రెండు మాటలు. పిచర్ల మోచేయి అనేది ఈ ఆటలో పెద్ద టెన్షన్. అలెహాంద్రో రొసారియో కాలేజీలో ఈఆర్‌ఏ ఏడు దాటినవాడు, 2023లో ఐదో రౌండ్‌లో వచ్చాడు, 2024లో ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు, 88 ఇన్నింగ్స్‌లో 129 స్ట్రైకవుట్లు, 13 వాక్‌లే. అంత శుభ్రమైన అంకెలు నేను చాలా అరుదుగా చూశాను. 2025 సీజన్ మొదలవకముందే మోచేయి దెబ్బతింది. కాబట్టి పిచర్లలో ఒక్కడి మీదే మనసు పెట్టుకోకండి, నలుగురిని రాసుకోండి.

మీవాడి హీరో కుమార్ రాకర్ కూడా ఈ దారిలోనే వచ్చాడు. తల్లి భారతీయ సంతతి, తండ్రి అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. 2019లో వాండర్‌బిల్ట్‌కి ఆడుతూ డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకవుట్లతో నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. 2021లో మెట్స్ పదో పిక్‌గా తీసుకుని, మెడికల్ రిపోర్ట్ చూసి సంతకం చెయ్యలేదు. మరుసటి ఏడాది రేంజర్స్ అతన్ని మూడో పిక్‌గా తీసుకుంటే అందరూ నోరెళ్ళబెట్టారు. 2023 మేలో హికొరీలో ఉండగా టామీ జాన్ సర్జరీ. 2024 వేసవిలో తిరిగొచ్చి కాంప్లెక్స్ లీగ్ నుంచి ఫ్రిస్కో, రౌండ్ రాక్ దాటుకుంటూ సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ మ్యాచ్ వేశాడు. ఆ వేసవిలో అతని వాక్‌లు వేళ్ళమీద లెక్కపెట్టేలా ఉండేవి, నాకు నమ్మకం కుదిరింది అక్కడే, అతని స్లైడర్ బంతి చూసి కాదు. 2025లో పైన ఇబ్బందిపడి మళ్ళీ రౌండ్ రాక్‌కి వెళ్ళాడు. ‘మావాడు బాధపడుతున్నాడు’ అని రాశారు. లైటర్ 2024 అంకెలు ఒకసారి చూపించండి, కాస్త ఊరటపడతాడు.

చివరగా, ఆచరణలో ఎలా చెయ్యాలో.

షీట్‌లో 15 పేర్లకు మించి పెట్టకండి. ఎక్కువ పెడితే ఎవరినీ చూడరు. ప్రతి పేరు పక్కన వయసు, లెవెల్, ఎప్పుడు ఎక్కాడు, స్ట్రైకవుట్ శాతం, వాక్ శాతం, రూల్ 5 ఏడాది, అంతే. ట్రిపుల్-ఎ మ్యాచ్‌లకు 2023 నుంచి స్టాట్‌కాస్ట్ (కెమెరాలతో బంతి వేగం లాంటివి కొలిచే వ్యవస్థ) కొలతలు అందరికీ కనబడుతున్నాయి, కాబట్టి రౌండ్ రాక్‌లో ఉన్నవాడు బంతిని ఎంత వేగంతో కొడుతున్నాడో చూడొచ్చు, గంటకు 95 మైళ్ళు దాటితే గట్టి దెబ్బ కింద లెక్క. ఫ్రిస్కో స్థాయిలో మీకు ఆ సౌకర్యం లేదు, కళ్ళే దిక్కు.

స్టేడియంకి ఏ రోజు వెళ్ళాలంటే: మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. స్టార్టింగ్ పిచర్ దాదాపు వారానికి ఒకసారే వేస్తాడు. కాబట్టి వారం మొదట్లో ఎవరు ఏ రోజు వేస్తున్నారో చూసుకుని టికెట్ కొనండి, శనివారం బాణాసంచా ఉందని కాదు. అవతలి జట్టు పిచర్ కూడా చూసుకోండి, వాల్కాట్ లాంటివాణ్ణి బలహీనమైన పిచర్ మీద చూస్తే తెలిసేది సగమే.

సీటు హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక తీసుకోండి. పిల్లలు అడిగేది రైట్ ఫీల్డ్‌లో ఈతకొలను దగ్గర, సరే, ఒకరోజు అక్కడికి తీసుకెళ్ళండి, ఆ రోజు బేస్‌బాల్ మర్చిపోండి. ప్లేట్ వెనక కూర్చుంటే స్పీడ్ గన్‌లు పట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్ళు కనబడతారు, వాళ్ళు వేరే క్లబ్బుల స్కౌట్లు. జూలైలో వాళ్ళ సంఖ్య పెరుగుతుంది. వాళ్ళు ఎవరు బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు తల ఎత్తుతున్నారో గమనించండి, మాట్లాడించకండి, పని చేసుకుంటున్నారు. బుల్‌పెన్‌లు (పిచర్లు వార్మప్ చేసే చోట్లు) ఫ్రిస్కోలో ప్రేక్షకుల మధ్యే ఉంటాయి, ఇది చాలా చోట్ల దొరకదు, మ్యాచ్‌కి 25 నిమిషాల ముందు వెళ్తే స్టార్టర్ వార్మప్ పక్కన నిలబడి చూడొచ్చు. ఫాస్ట్‌బాల్ శబ్దం కాదు, మూడో రకం బంతి ఎన్నిసార్లు చోటుకి పడుతోందో మీవాణ్ణి లెక్కపెట్టమనండి.

ఒక చిన్న విన్నపం. ఆటోగ్రాఫ్‌లకు వెళ్ళినప్పుడు ‘ఎప్పుడు పైకి వెళ్తున్నావ్’ అని అడగొద్దని చెప్పండి. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ళకు మొదటిసారి యూనియన్ ఒప్పందం వచ్చాక కూడా ఆ ఏడాది డబుల్-ఎ కనీస జీతం 30,250 డాలర్లు, పైన 2025లో కనీసం 7,60,000. ఆ ప్రశ్న వాళ్ళకి రోజూ ఇంట్లోవాళ్ళే వేస్తుంటారు.

మీ 15 పేర్లు రాసుకున్నాక ఇక్కడే పెట్టండి. అందులో హికొరీ, స్పార్టన్‌బర్గ్ నుంచి కనీసం ఆరుగురు ఉండేలా చూసుకోండి, ఫ్రిస్కోకి వచ్చే ఏడాది రాబోయేది వాళ్ళే.